రెండు వేళ్ళ గాలి

ఇసుక ఏడుసార్లు కడిగాను.
సీతానగరం రేవు నుంచి సిమెంటు సంచిలో తెచ్చిన ఇసుక.
ఆరో నీళ్ళకి నా చేతులు తేటపడ్డాయి, నీళ్ళు పడలేదు.
"బియ్యం ఎప్పుడైనా ఇంత ఓపిగ్గా కడిగావా?"
అంది సువార్త, తలుపుకి ఆనుకుని.

రాళ్ళ మీద వెనిగర్ చుక్క వేసి చూడమన్నాడు
వన్‌టౌన్‌లో చేపల కొట్టు ఖలీల్ భాయ్.
నురగ పొంగితే ఆ రాయి పనికిరాదట,
కడుపులో సున్నం దాచుకుంటుందట.
పద్నాలుగింటిలో తొమ్మిది పొంగాయి.
తెల్లగా, నున్నగా, ఫోటోకి తయారైనట్టున్నవే పొంగాయి.
మిగిలినవి ఆటోనగర్‌లో
బ్రేకులు పోయిన లారీ చక్రం కింద పెట్టే రకం.
వాటినే పేర్చాను,
ఒకటి ఒరిగి, ఒకటి దాన్ని ఆనుకుని,
మూడోది ఎవరితోనూ సంబంధం లేనట్టు.

పాత తొట్టిలో గులాబీరంగు గులకలుండేవి,
గాలి బుడగకి నోరు తెరిచే నిధి పెట్టె ఉండేది,
ఒక ప్లాస్టిక్ గజ ఈతగాడు.
వెనక అంటించిన కాగితం మీద సముద్రం,
మంచినీటి చేపలకి సముద్రం!

బుడమేరు ఇంట్లోకి వచ్చిన రాత్రి
మేం డాబా మీద టార్పాలిన్ కింద ఉన్నాం.
కింద హాల్లో ఫ్రిజ్జు గోడలు తట్టుకుంటూ తిరుగుతోంది.
గదంతా తొట్టి అయ్యాక తొట్టికేం పని?
గప్పీలు అద్దం అంచు దాటి
గుమ్మం దాటి
సింగ్‌నగర్ మీదుగా ఎటో వెళ్ళిపోయాయి.
గజ ఈతగాడు మాత్రం మునిగాడు.
కుట్టుమిషన్ కింద, బురదలో బోర్లా దొరికాడు.

నీళ్ళు తీశాక కుక్కర్‌లో ఒక పరిగె.
మాది కాదు.
వేలెడంత, బూడిదరంగు,
మూత లేని కుక్కర్‌లో జానెడు నీళ్ళలో
మా వంటింటిని చూస్తూ.
ఏలియా దాన్ని గ్లాసులోకి తీశాడు,
ఎవరికీ ఇవ్వనన్నాడు.

దాని కోసమే ఇదంతా.
పక్కింటి దేవసహాయం వచ్చి తొంగిచూసి
"పులసకైతే సరే, పరిగెకి ఇంత పటాటోపమా?" అన్నాడు.
వినిపించనట్టు వైర్లు కలుపుకున్నాను.
నేను ఆటో ఎలక్ట్రీషియన్ని,
ఇండికేటర్ల పట్టీ తొట్టి మూతకి బిగించాను,
పన్నెండు వోల్టులు, పసుపు కాంతి,
సాయంత్రం వారధి మీద ట్రాఫిక్ ఆగినప్పటి రంగు.

పది రోజులు నీళ్ళలో నిలబడి చచ్చిపోయిన జామచెట్టు
వేరొకటి నరికి
బిర్యానీ డేగిసాలో మూడు పూటలు ఉడికించాను.
డికాషన్ దిగినట్టు దిగింది రంగు.
ఇల్లంతా తడిసిన చెక్క వాసన.
ఆ వాసన మాకు తెలుసు.
సువార్త అన్ని కిటికీలూ తెరిచింది,
ఏమీ అనలేదు.

వేరు సందుల్లో రిబ్బన్ నాచు దారంతో కట్టింది మాత్రం తనే.
జాకెట్టు హుక్కులు కుట్టే వేళ్ళు,
ముడి ఎక్కడుందో నీళ్ళకి కూడా తెలీదు.

గోడలకి కొత్త రంగు వేయించాం,
తొట్టి వెనక మూడడుగులు వదిలేశాం.
అక్కడ బురద గీత ఇంకా ఉంది, నా గడ్డం ఎత్తున,
కింద మట్టిరంగు, పైన పాత నీలం.
అదే ఇప్పుడు వెనక బొమ్మ.
అతికించనక్కర్లేదు, ఊడిరాదు.

పరిగెని వదిలాం.
రాళ్ళు చూడలేదు, నాచు చూడలేదు,
నేరుగా వెనక అద్దానికి వెళ్ళి
ఆ గీత దగ్గర ఆగింది.
మా వైపు తిరగనేలేదు ఆ పూటంతా.

"నాన్నా, దానికి మనం
మునిగిపోయినట్టు కనిపిస్తామా?"
అడిగాడు ఏలియా.
జవాబు కోసం చూస్తున్నాను,
చేతిలో చెంబుతో, ఇంకా నీళ్ళు పోస్తూ.

"చాలు, ఆపు," అంది సువార్త.
"పైన రెండు వేళ్ళ గాలి వదులు."

అటక మీద ఆవిడ పెట్టెకి
ఆ రాత్రి నీళ్ళు వదిలింది అంతే.